అమ్మమ్మ ఏం పని చేసేది?

అమ్మమ్మ పోయిన పదిహేనో రోజున మరణ ధ్రువపత్రం కోసం ఫారం నింపుతున్నాం. పేరు, వయసు, ఊరు భావనపాడు... అన్నీ గబగబా రాసేశాను. 'వృత్తి' అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. మావయ్య వైపు చూశాను. "ఏటి రాస్తావురా, ఇంటికాడే ఉండీది కదా" అన్నాడు. నేను 'ఏమీ లేదు' అని రాసేశాను.

ఇంటికొచ్చాక పెరట్లో చేపలెండబెట్టే తాటాకు చాప ఖాళీగా కనిపించింది. సిగ్గేసింది.

తాత వేటకెళ్లే మనిషి. ఏడాదిలో కొన్ని నెలలు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసేవాడు. మా తీరం నుంచి ఇప్పటికీ చాలామంది అలాగే వెళ్తారు. ఆ నెలలన్నీ పిల్లల బడి, అప్పులోళ్లతో మాట, చుట్టాల పెళ్లిళ్లకు చదివింపులు... అంతా అమ్మమ్మ మీదే. అమ్ముడుపోని చేపల్ని పారేసేది కాదు. నెత్తళ్లయితే ఉత్తినే ఎండబెట్టేది. పెద్ద చేపలైతే పొట్ట చీల్చి, నౌపడ ఉప్పు పట్టించేది. "ఉప్పెంతెయ్యాలే?" అని అడిగితే, "నీ సెయ్యే సెప్తాదిరా" అని నవ్వేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు లేదు, మా ఫోన్లన్నీ చచ్చిపోయాయి. అమ్మమ్మ మాత్రం ముందురోజే బిందెలన్నీ నింపింది. బియ్యం, చింతపండు, అగ్గిపెట్టెలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. అటక మీద దాచిన ఎండు మట్టలతో రెండ్రోజులు మూడిళ్లకు వండింది. మేం తిని, "సిగ్నల్ ఎప్పుడొస్తుందో" అని మాట్లాడుకున్నాం.

ఆ గడిలో తప్పు రాసింది నేనొక్కణ్నే కాదు. మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసేవాళ్లను 'పని చేయనివారి' కిందే వేస్తారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం, ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసులో, గృహిణి పనికీ ఆదాయం లెక్కకట్టాల్సిందే అంది. దాని మీద విడిగా తీర్పు రాసింది మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ. 2019లో దేశమంతా చేసిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇస్తున్నారు. మగవాళ్లు 97. అంటే ఆడవాళ్లకు దాదాపు ఐదు గంటలు, ఆదివారం సెలవు కూడా లేకుండా.

మొన్న నేనే చేప కోసి ఉప్పు పట్టించాను. యూట్యూబ్‌లో చూసి కొలిచే వేశాను. మూడో రోజుకు పురుగు పట్టింది.

నా ఫోన్లో అమ్మమ్మ ఫొటోలు బోలెడున్నాయి. ఒక్కదాంట్లోనూ పని చేస్తూ కనిపించదు. ఫొటో అనగానే చేతిలో పని పక్కన పెట్టి, చీర సర్దుకుని నిలబడేది.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఈ ఆదివారం వంటింట్లో ఆవిడ పక్కన కూర్చోండి. "ఉప్పెంతెయ్యాలి?" అని అడగండి. వీడియో తీస్తే మొహం మీద కాదు, చేతుల మీద పెట్టండి. మా అమ్మమ్మ చేతులు నా దగ్గర లేవు.