వినక వేసిన పన్ను

పన్ను కట్టడం ఎవరికీ ఇష్టం వుండదు. నాబోటి కాలేజీ పంతుళ్లకు ఆ బాధ కూడా లేదు; జీతం చేతికి రాకముందే దాని వాటా అది పుచ్చుకుని పోతుంది. కట్టేటప్పుడు సణిగేవాణ్ణి చూసి జాలిపడనక్కరలేదు. బళ్లూ, రోడ్లూ, ఆస్పత్రులూ ఊరికే రావు కదా! కాని తన మాట ఎవరూ వినకుండా ‘నువ్వు ఇంత బాకీ’ అని తేల్చేసినప్పుడు మొత్తుకునేవాడి సంగతి వేరు. వాడి బాధ డబ్బు ఒక్కదాని గురించే కాదు.

శిలప్పదికారం కథ మీకు తెలిసే వుంటుంది. రాణిగారి అందె పోయింది. కోవలన్ చేతిలో ఒక అందె కనిపించింది. ఆస్థాన స్వర్ణకారుడి మాటే చాలుననుకున్నాడు పాండ్యరాజు. కోవలన్‌ను ఒక్క ప్రశ్న అడగలేదు. తరువాత కణ్ణగి సభకు వచ్చి అందె పగలగొడితే కెంపులు రాలాయి. రాణి అందెలోవి ముత్యాలు! ఆ రాజు దుర్మార్గుడేమీ కాడు. తప్పు తెలియగానే ప్రాణమే విడిచాడు. ముందుగా అడిగివుంటే అందె అప్పుడే పగిలేది, మనిషి మిగిలేవాడు.

ఎదుటి పక్షం మాట కూడా వినాలి అన్న ఈ నియమమే సహజ న్యాయానికి పునాది. వినడం అంటే మర్యాదకు కుర్చీ వేయడం కాదు. నిజం బయటపడే దారి అది.

1954లో సుప్రీం కోర్టు ముందుకు ఢాకేశ్వరి కాటన్ మిల్స్ వారి ఆదాయపు పన్ను కేసు వచ్చింది. ట్రిబ్యునల్ ఇతర మిల్లుల లాభాల పట్టీ ఒకటి పన్నుశాఖ వారి నుంచి పుచ్చుకుంది; దాన్ని మిల్లువారికి చూపలేదు. వారు చూపుతామన్న కాగితాలన్నీ చూడనూ లేదు. సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పన్ను అధికారికి సాక్ష్య నియమాల బిగింపు లేని మాట నిజమే. అంతమాత్రాన ఉత్త ఊహ మీద పన్ను వేయరాదన్నది.

1977లో కేరళ అమ్మకపు పన్ను కేసులో ఇంకో ముడి విప్పింది. ఒక వర్తకుడి కొనుగోళ్లు వేరొకరి పద్దుపుస్తకాల్లో వున్నాయి, ఇతని పుస్తకాల్లో లేవు. ‘ఆయన్ను పిలవండి, నేను ప్రశ్నిస్తాను’ అన్నాడితడు. కుదరదన్నారు అధికారులు. కుదరవలసిందే అన్నది కోర్టు. నిజమే మరి, రెండు పుస్తకాల్లో ఏది అబద్ధమో అడగకముందే ఎలా తెలుస్తుంది?

2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలో 75వ సెక్షన్ ఈ సంగతి విప్పి చెప్పింది. పన్ను కట్టవలసినవాడు వ్రాసి అడిగినా, అతనికి వ్యతిరేకంగా నిర్ణయం తలపెట్టినా, విచారణకు అవకాశం ఇవ్వాలి. నోటీసులో లేని కారణం మీద గాని, అందులో చూపిన మొత్తానికి మించి గాని వసూలుకు దిగరాదు. అలాగని వాయిదాలతో కాలం దొర్లించేవారికీ ముకుతాడు వేసింది: మూడుసార్లకు మించి వాయిదా లేదు.

ఇంత చక్కని చట్టం వుండీ, మా వీధి కిరాణా కొట్టు ఆసామికి ఏమయిందో చూడండి. నోటీసు పోర్టల్లో పెట్టారు. లెక్కలు వ్రాసే కుర్రవాడు మానేసి ఆరు నెలలయింది. చూసే దిక్కు లేదు. ఒకనాడు బ్యాంకుకు వెళితే ఖాతా మీద అటాచ్‌మెంటు వుందన్నారు. తీరా చూస్తే ఒకే బిల్లు రెండుసార్లు లెక్కకెక్కింది!

“అడిగితే చెప్పేవాణ్ణి కదండీ, మాస్టారూ!” అన్నాడు.

పోర్టల్లో పెట్టినా నోటీసు అందినట్లే అంటుంది చట్టం. కాని చెవికి చేరని పిలుపుకు ఎవరు పలుకుతారు? వినకుండా ఇచ్చిన ఉత్తర్వులను హైకోర్టులు కొట్టివేసిన సందర్భాలు ఎన్నో వున్నాయి. అయితే హైకోర్టు మెట్లెక్కడానికి కిరాణా కొట్టు గల్లాపెట్టె చాలవద్దూ? జవాబు రానప్పుడు ఉత్తర్వు వ్రాసేముందు ఇంకొక్కసారి పిలిస్తే ఖజానాకు పోయేదేమీ లేదు.

కొట్లున్న పాఠకులకు ఒక మాట. వారానికొకసారి పోర్టల్ చూడండి. జవాబు గడువులోగా వ్రాతపూర్వకంగా ఇవ్వండి. చివర ‘నా మాట స్వయంగా విని నిర్ణయించ ప్రార్థన’ అన్న ఒక్క వాక్యం మరవకండి. నకలు దాచుకోండి.

ఇక అధికారులకు తెలుగు పంతులు చెప్పగలిగింది ఒకటే. మన భాషలో విచారం అంటే ఆలోచన, దుఃఖం కూడా. మొదటిది మానేసిన చోట రెండోది మిగులుతుంది, అదీ పన్ను కట్టేవాడి ఇంట్లో.