ప్రవర్తన చికిత్సావృత్తి: స్త్రీల స్థానము, ఇంటి భాష

1945వ సంవత్సరము అక్టోబరులో అమెరికా దేశపు స్త్రీల మాసపత్రిక యగు లేడీస్ హోమ్ జర్నల్ నందు బి. ఎఫ్. స్కిన్నరను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసము ప్రకటించెను. తన రెండవ కుమార్తె కొఱకు తానే నిర్మించిన వెచ్చని అద్దపు తొట్టిని గూర్చిన వ్యాసమది. గుడ్డలు మార్చు పని, ఉతుకు పని తగ్గి తల్లికి కొంత తెఱిపి కలుగునని యాతని వాదము. పత్రికవారు దానికి 'పెట్టెలో పసిబిడ్డ' యను పేరు తగిలించిరి. ఆ పేరు వలన పుట్టిన అపవాదు ఆయనను జీవితాంతము వెన్నాడెను. ఆ తొట్టి మంచిచెడ్డలతో మాకిపుడు పనిలేదు. ప్రవర్తన విశ్లేషణ మను నీ శాస్త్రము తొలినాళ్లనుండియు తల్లులతోను, నర్సులతోను, పంతులమ్మలతోను పని గలదియే యని చూపుటకే దాని నెత్తుకొంటిమి.

ఆటిజము గల బిడ్డలున్న యిండ్లలో నేడు 'ఏబీఏ థెరపీ' యని వినవచ్చునది ఈ శాస్త్రము యొక్క ప్రయోగమే. ఒక చేష్టకు ముందేమి జరిగెను, పిదప బిడ్డకేమి లభించెను అని గమనించి, లభించుదానిని మార్చుటచే చేష్టను మార్చుట దీని పద్ధతి. అఱచినపుడెల్ల బిస్కత్తు చేతికిచ్చిన అఱపు పెరుగును. వ్రేలు చూపి యడిగినపు డిచ్చిన అడుగుట పెరుగును. ఇది మన అమ్మమ్మలకు తెలియని రహస్యము కాదు. దానిని దినదినము లెక్క వ్రాసి కొలుచుటయే క్రొత్త.

ఈ లెక్క వ్రాసిన చేతులెవరివి? 1924లో కుందేలును చూచి బెదరు పీటరను పసివానికి, వానికిష్టమైన తినుబండారము పెట్టుచు కుందేలును కొంచెము కొంచెముగా దగ్గఱకు తెచ్చి భయము పోగొట్టినది మేరీ కవర్ జోన్సను నామె. ప్రవర్తన చికిత్సకు తల్లి యను బిరుదు ఆమెకు దక్కుటకు చాల యేండ్లు పట్టెను. 1959లో కెనడా దేశపు సస్కాచెవాన్ మానసిక చికిత్సాలయములో జరిగిన పనిని గూర్చి యొక ప్రసిద్ధ పత్రము వెలువడెను. అందొక రోగిణి దినమునకు సగటున పదునాఱు మార్లు నర్సుల గదిలో చొరబడుచుండెను. నర్సులు బుజ్జగింపును, బయటికి నడిపించుటయు మాని ఊరకుండగా ఏడు వారములలో అది రెండు మార్లకు దిగెను. చూచినవారు, లెక్కించినవారు, ఓర్చినవారు నర్సులు. పత్రము పేరులో నర్సును 'ప్రవర్తన యింజనీరు' అని గౌరవించిరి. దాని మీది కర్తల పేర్లు మాత్రము టియొడొరో ఐలాన్, జాక్ మైకేల్ అను పురుషులిరువురివి. బిరుదిచ్చి పేరు దాచుట మనకును తెలిసిన మర్యాదయే గదా!

నేడు కాలము మారినది. ఈ వృత్తిలో ధ్రువపత్రము పొందినవారిలో నూటికి ఎనుబదికి పైగా స్త్రీలే. ఇంతకన్న సమానత్వమేమి కావలెనని కొందఱడుగుదురు. తల లెక్కింపుతో తృప్తిపడుటకు మేము సిద్ధముగ లేము. అమెరికాలోని ప్రవర్తన విశ్లేషకుల సభలను 1975 మొదలు 2005 వఱకు పరిశీలించినవారు స్త్రీల భాగస్వామ్యము ఏటేట పెరిగెననియే తేల్చిరి. కాని ఆ పెరుగుదల గోడకు పత్రములు తగిలించి చూపు చోట హెచ్చు, ఆహ్వానోపన్యాసముల వేదిక మీద తక్కువ. జాతిభేదము చూడబోయిన మఱియొక మెట్టు కనబడును. పై పట్టము గలవారిలో తెల్లవారే అత్యధికులు. నలువది గంటల శిక్షణతో పనిలో చేరి, దినమంతయు బిడ్డ ప్రక్కన నేలపై కూర్చుండు క్రింది మెట్టువారిలో నల్లజాతివారును, స్పానిషు మాటలాడు కుటుంబములవారును పై మెట్టునకన్న హెచ్చు.

ఇది జీతముల తగవు, బిరుదుల తగవు మాత్రమే యైన మేమింత వ్రాయము. బిడ్డయందేది మార్చవలెనో నిర్ణయించువాడు పై మెట్టున నున్నాడు. అసలు చిక్కు అచట నున్నది.

1974లో ఈ వృత్తివారి ముఖ్యపత్రికలో రెకర్స్, లోవాస్ అను నిరువురొక బాలుని కథ ప్రకటించిరి. ఆ బాలునికి ఐదేండ్లు నిండలేదు. బొమ్మలతో ఆడుట, ఆడుపిల్లల దుస్తులు వేసికొనుట వాని 'దోషము'. తల్లి చెవులకొక యంత్రము తగిలించి, బిడ్డ తుపాకి పట్టినపుడు చిఱునవ్వు నవ్వుమనియు, బొమ్మను పట్టినపుడు ముఖము త్రిప్పుకొని పుస్తకము చూచుకొమ్మనియు చెప్పిరి. ఇంటియొద్ద మగ నడతకు నీలపు బిళ్లలు, ఆడ నడతకు ఎఱ్ఱబిళ్లలు. ఎఱ్ఱబిళ్లలు చేరిన తండ్రి చేతి దెబ్బలు. చికిత్స ఫలించెనని వ్రాసిరి. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై 2003లో ఆత్మహత్య చేసికొనెను. ఆ చికిత్సయే వానిని కుంగదీసెనని తోబుట్టువులు చెప్పిరి. 2020లో ఆ పత్రిక సంపాదకురాలు లిండా లెబ్లాంక్ ఆ వ్యాసమును గూర్చి ఆందోళన తెలుపుచు ప్రకటన చేసినది. నలువదియాఱేండ్లు పట్టెను! తల్లి తానై బిడ్డను తీసికొనిపోయిన మాట నిజమే. అయినను ముఖము త్రిప్పుకొనుమని తల్లిని నియోగించు ముందు, ఈ ఆట వలన ఎవరికేమి హాని యని యడిగిన వారచట నొక్కరైన లేకపోయిరి.

మన యిండ్లకు వత్తము. ఆటిజము గుర్తింపబడువారిలో మగపిల్లలు నలుగురికి ఆడుపిల్ల ఒకతె చొప్పున లెక్క వచ్చుచున్నది. ఇందు కొంత ప్రకృతి భేదము కావచ్చును. కాని మూల కూర్చుండి ఎవరితోను పలుకక గవ్వలు వరుస పేర్చుకొను ఆడుపిల్లను మనము 'బుద్ధిమంతురా'లని మెచ్చుకొందుము. అదే పని కొడుకు చేసిన వైద్యునికడకు పరుగెత్తుదుము. మఱి నేర్పు పనుల పట్టికలో కూతునకు అంట్లు తోముట, కొడుకునకు బొత్తాములు పెట్టుకొనుట వ్రాయు ఉపాధ్యాయుడే లేడందురా?

భాషను గూర్చి చెప్పవలసినది చాల కలదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో, బిడ్డకు మాట రాలేదన్న నింట తెలుగు మానుడని సలహా విన్న తల్లులు కలరు. రెండు భాషల వలన ఆటిజము గల బిడ్డకు కీడు కలుగునని పరిశోధనలు చూపలేదు. 2011లో ప్రకటింపబడిన యొక చిన్న పరిశోధనలో స్పానిషు మాటలాడు ఇంటి పసిబాలికకు అదే పాఠము ఇంగ్లీషున నొకమాఱు, స్పానిషున నొకమాఱు చెప్పి చూచిరి. ఇంటి భాషలో సరియైన సమాధానములు హెచ్చెను, మొండిచేష్టలు తగ్గెను. ఒక్క బిడ్డ కథ గనుక దానిని శాసనముగ చేయరాదు, కొట్టివేయుటయు తగదు. తెలుగు మానిన బిడ్డ ఎవరితో మాటలాడవలెను? పిన్ని, పెద్దమ్మ, అత్త, వదిన అందఱును 'ఆంటీ' యైన, పండుగకు పదిమంది చేరిన యింట వాడెవరిని పిలిచినట్లు? తాతగారితో 'రా' యనక 'రండి' యనవలెనని ఇంగ్లీషు చీట్ల మీద నేర్పజాలరు.

నడతల పట్టికలును ఇట్టివే. చెంచాతో తినుట, వేఱు గదిలో ఒంటరిగ నిద్రించుట, పెద్దల కన్నులలో కన్ను పెట్టి చూచుట యని అచ్చువేసికొని వత్తురు. అన్నము కలిపి ముద్ద చేసికొనుట వ్రేళ్లకు ఎంత నేర్పైన పనియో ఆ పట్టికకు తెలియదు. కన్నులలో చూడుమని నిర్బంధించుట తమకు బాధయేయని ఆటిజము గలిగి పెరిగిన పెద్దలనేకులు స్వయముగ చెప్పుచున్నారు.

అమెరికాలో 1998లో ఏర్పడిన ధ్రువపత్ర సంఘము వారి వృత్తిధర్మ నియమావళిలో, సంస్కృతి భేదములెఱిగి మెలగవలెనను నియమము 2022 జనవరి మొదటి తేదీనుండి అమలునకు వచ్చినది. మఱుసటి యేడు మొదలుకొని ఆ సంఘమువారే మన దేశమునుండి క్రొత్త దరఖాస్తులు స్వీకరించుట మానిరి. పలువురు దీనికి చింతించిరి. మేమంతగా చింతింపము. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన బుద్ధిమాంద్యుల జాతీయసంస్థ, నేడు క్రొత్త పేరుతో, ప్రత్యేక బోధకులకు శిక్షణ నిచ్చుచున్నది. తెలుగు బిడ్డకేమి నేర్పవలెనో తెలుగుదేశమున పుట్టి పెరిగిన స్త్రీలే పై మెట్టున కూర్చుండి వ్రాయుటకు చోటు లేకపోలేదు.

అందాక తల్లులు చేయదగినదొకటి కలదు. చికిత్స మొదలిడు ముందు పట్టిక నడిగి పుచ్చుకొనుడు. ఒక్కొక్క అలవాటునకును, ఇది ఎవరికి అడ్డము, బిడ్డకా, చూచువారికా యని ప్రశ్నింపుడు. కూతునకును కొడుకునకును ఒకే పట్టిక వ్రాయుదురా యని అడుగుడు. బొమ్మల క్రింది మాటలు తెలుగున వ్రాసి యిమ్మనుడు. వారికి చేతకాదన్న, కాగితము మీరే పుచ్చుకొని వ్రాయుడు.