చలికి గేర్‌బాక్స్ మిజాజ్

షికాగో చలిలో మన హైదరాబాదీ భాయీల పికప్ ట్రక్కులు పొద్దున్నే సతాయిస్తాయి. డ్రైవ్‌లో వేస్తే కాసేపాగి కదుల్తది, గేరు లేటుగా మారుతది. "గేర్‌బాక్స్ ఖరాబ్, మార్చాల్సిందే" అని మెకానిక్ చెప్పేస్తే నాకు మండుతది. నబ్జ్ చూడకుండానే ఆపరేషనా?

ఆటోమేటిక్‌లో గేర్లు మార్చేది ఆయిల్ ప్రెషరే. చలికి ఆ ఆయిల్ చిక్కబడుతది. అది వేడెక్కేదాకా టార్క్ కన్వర్టర్‌ని లాక్ కానివ్వకుండా కంప్యూటరే ఆపుతది, హిఫాజత్ కోసం. దీన్ని బీమారీ అంటే ఎట్లా?

ఆయిల్ వేడెక్కినా గేరు జారుతుంటే, మాడు వాసనొస్తుంటే అప్పుడు ఫికర్ చెయ్యాలె. అప్పుడైనా ముందు లెవల్ చూపించమనండి. కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోశారా అని అడగండి. (చాలా కొత్త బండ్లకి డిప్‌స్టిక్కే పెట్టట్లేదు, అదో జుల్మ్!) ట్రక్కు మీదే రోజీ నడిచేవాడికి కొత్త గేర్‌బాక్సంటే నెలల కమాయి, భాయ్.