సిఫర్‌ని ముట్టుకునే ముందు అడగాలి

ఆళ్లగడ్డలో మా ఆపా కొడుకు గిటార్ నేర్చుకుంటున్నాడు. పదమూడేళ్లవాడు. మొన్న జుమ్మా రోజు నంద్యాలకి ఫోన్ చేసి, "మామూ, నాతో కాదు. ఉంగ్లీ పీక్కుపోతోంది, గిటార్ అమ్మేయండి" అన్నాడు.

ఖసూర్ వాడిది కాదు. నాదీ, నా కంప్యూటర్‌దీ.

గిటార్ పాటని ఆరు గీతల మీద అంకెలతో రాస్తారు, దాన్ని ట్యాబ్ అంటారు. గీత అంటే తీగ, అంకె అంటే నొక్కాల్సిన మెట్టు. సిఫర్ ఉంటే ఏ వేలూ పెట్టకుండా ఖుల్లాగా మీటాలి. ఇ మైనర్ కార్డ్ 0-2-2-0-0-0. రెండు వేళ్లు చాలు, వాడికి బాగా వచ్చు. గొంతుకి శ్రుతి సరిపోవడం లేదంటే నేను సాఫ్ట్‌వేర్‌లో అర స్వరం పెంచి పంపాను. అది 1-3-3-1-1-1 అయి కూర్చుంది. హిసాబ్‌లో ఒక్క గల్తీ లేదు. కానీ ఇప్పుడు చూపుడు వేలు అడ్డంగా పరిచి ఆరు తీగల్నీ అదిమి పట్టాలి. చిన్నపిల్లాడి వేలికి అది జుల్మే.

ఆవాజ్ కూడా మారుతుంది. ఖుల్లా తీగ, చెయ్యి ఇంకోచోటికి జరిగినా మోగుతూనే ఉంటుంది. నొక్కిన తీగ వేలు ఎత్తగానే ఆగిపోతుంది. అదే అర స్వరం తగ్గించి ఉంటే, లావు తీగ మీది సిఫర్‌కి కింద మెట్టే లేదు!

తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ కిందీ ఊద్ స్వరాలని అబ్జద్ హర్ఫులతో రాశాడు. మందర తీగ ఖుల్లా స్వరానికి అలిఫ్ ఇచ్చాడు. అరబ్బులు ఖుల్లా తీగని ముత్లఖ్ అన్నారు. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి మానీ చెప్పక్కర్లేదు: ఏ బంధనమూ లేనిది. వేళ్లకి వేరే పేర్లున్నాయి, సబ్బాబా, వుస్తా, బిన్సిర్, ఖిన్సిర్. ముత్లఖ్‌ని వాటి పక్కన విడిగా చెప్పారు. మన సాఫ్ట్‌వేర్‌కి మాత్రం సిఫర్ కూడా ఒకటీ రెండూ లాంటి ఇంకో అంకె. స్థాయి మార్చేటప్పుడు "ఈ తీగల్ని ఖుల్లాగానే ఉంచాలా?" అని ఒక్క సవాల్ వేస్తే దాని సొమ్మేం పోయింది?

ఇలాజ్ తేలికే. మొదటి మెట్టు మీద కాపో బిగిస్తే, పాత ట్యాబ్‌లో సిఫర్లు అలాగే ఉంటాయి, శ్రుతి మాత్రం పెరుగుతుంది.

కాపో కొన్నాను. ఇత్వార్ రోజు ఆళ్లగడ్డ వెళ్తున్నా. అందాకా గిటార్ ఎవరికీ ఇవ్వొద్దని ఆపాకి చెప్పాను.