ఖున్సా, ముఖన్నస్, హిజ్రా: ఎవరు ఎవరు?

ఫరాయిజ్ పాఠంలో, అనగా వారసత్వ శాస్త్రంలో, ఖున్సా ప్రకరణం వచ్చినప్పుడల్లా తరగతి వెనుక వరుసల నుండి చిన్న నవ్వు వినిపిస్తుంది. ఇంట్లో ఇటువంటివారిని ఏమంటారని మేము అడిగితే విద్యార్థులు తలలు దించుకుంటారు. వారికి తెలిసిన మాట ఒక్కటే, అది తిట్టు. పుట్టుకతోనే శరీర నిర్మాణంలో తేడా ఉన్నవారికీ, నడకలో మాటలో స్త్రీ స్వభావం కనిపించే పురుషునికీ, దుకాణాల ముందు చప్పట్లు కొట్టి డబ్బు అడిగేవారికీ, చివరకు సంతానం కలుగని మగవానికీ తెలుగునాట 'కొజ్జా' అనే ఆ మాటనే వాడుతున్నారు.

ఆ మాట ఉర్దూ 'ఖోజా' నుండి వచ్చింది. దాని మూలం ఫార్సీలోని 'ఖ్వాజా'. పెద్దమనిషి, యజమాని అని అర్థం. రాజుల అంతఃపురాలను కాచిన నమ్మకస్తులను 'ఖ్వాజా సరా' అని గౌరవించేవారు. అజ్మీర్ ఖ్వాజా (రహ్మలై) పేరులో మనం భక్తితో పలికే పదమే ఇక్కడ తిట్టుగా దిగజారింది. ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలుచుకోవడాన్ని అల్లాహ్ సూరా హుజురాత్ 11వ ఆయత్‌లో నిషేధించాడు. ఆ నిషేధం నుండి ఈ పేరుకు మినహాయింపు ఏదీ లేదు.

మన ధర్మవేత్తలు వేరువేరు మనుషులకు వేరువేరు పదాలు వాడారు. 'ఖున్సా' అంటే స్త్రీ, పురుష లక్షణాలు రెండూ గల శరీరంతో, లేదా ఏదీ స్పష్టంగా లేని శరీరంతో జన్మించినవారు. నేడు వైద్యులు 'ఇంటర్‌సెక్స్' అంటున్నది వీరినే. 'ముఖన్నస్' శరీరరీత్యా పురుషుడే. మాటలో, కదలికలో స్త్రీలను పోలి ఉంటాడు. 'ఖసీ' అంటే వృషణాలు తొలగించబడినవాడు. ఆ పని చేయించుకోవడానికి దైవప్రవక్త (స) తమ సహచరులకు అనుమతి ఇవ్వలేదు. ఇక 'హిజ్రా' ఈ ఉపఖండంలో గురు–చేలా బంధంతో కలిసి బ్రతికే ఒక సమాజం పేరు. ఆ పేరును బట్టి ఒక వ్యక్తి శరీరాన్ని గురించి ఏమీ చెప్పలేము.

ఖున్సా సమస్య ఇస్లాంకు ముందే అరబ్బులకు ఎదురైంది. ఇబ్ను హిషామ్ సీరత్ గ్రంథంలో ఆమిర్ బిన్ జరిబ్ అనే న్యాయనిర్ణేత కథ ఉంది. ఎంతటి చిక్కు తగవునైనా తీర్చగలడని పేరు పొందిన ఆయన వద్దకు ఒక ఖున్సా వారసత్వ వివాదం వచ్చింది. పురుషుని వాటా ఇవ్వాలా, స్త్రీ వాటా ఇవ్వాలా అని తేల్చలేక ఆయన రాత్రంతా నిద్రపోలేదు. గొర్రెలను ఆలస్యంగా తోలుతుందని రోజూ ఆయన చేత మాటలు పడే సుఖైలా అనే బానిస బాలిక కారణం అడిగి తెలుసుకొని, మూత్రం వచ్చే మార్గాన్ని బట్టి తీర్పు చెప్పమన్నది. మరునాడు ఆయన అలాగే తీర్పు చెప్పాడు. ఆ తరువాత ఎంత ఆలస్యంగా తోలినా ఆమెను ఏమీ అనలేదట! హజ్రత్ అలీ (రజి) నుండి కూడా ఇదే గుర్తును ఆధారం చేసుకున్న తీర్పు ఉల్లేఖించబడింది.

ఆ గుర్తుతోనూ తేలనప్పుడు ఫిఖ్హ్ యుక్తవయస్సు కోసం వేచి ఉండమంటుంది. గడ్డం, రజస్సు, స్తనాలు వంటి సూచనలను బట్టి నిర్ణయిస్తారు. అప్పటికీ తేలనివారిని 'ఖున్సా ముష్కిల్' అంటారు. హనఫీ మదరసాలన్నింటా చదివే 'హిదాయా' గ్రంథపు చివరి అధ్యాయం వీరిదే. నమాజులో వీరు పురుషుల పంక్తికి, స్త్రీల పంక్తికి నడుమ నిలుస్తారు. మరణిస్తే గుస్ల్‌కు బదులు తయమ్ముమ్ చేయిస్తారు. పంక్తిలో స్థానం ఉందంటే మస్జిదులో స్థానం ఉన్నట్లే కదా!

వారసత్వం సంగతి చూడండి. తండ్రి 12 లక్షల రూపాయల ఆస్తి వదలి మరణించాడు. వారసులు ఒక కుమారుడు, ఒక ఖున్సా ముష్కిల్ మాత్రమే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ప్రకారం కుమారునికి 8 లక్షలు, ఖున్సాకు 4 లక్షలు. పురుషుని వాటాలో సగం, స్త్రీ వాటాలో సగం కలిపి ఇవ్వాలన్న వారి లెక్కలో, హిదాయాలో ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) పేర ఉన్న విధంగా, కుమారునికి 7 లక్షలు, ఖున్సాకు 5 లక్షలు. భేదాభిప్రాయం వాటా ఎంతన్నదానిపైనే. వాటా లేదన్న ఇమామ్ ఒక్కరూ లేరు. మన ఇళ్లలో మాత్రం అటువంటి బిడ్డ పేరు ఆస్తి కాగితాలలోనే కాదు, రేషన్ కార్డులో సైతం కనిపించడం లేదు.

నవ్వే విద్యార్థులకు మేము ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ (రహ్మలై) సంగతి చెబుతాము. హిజ్రీ 543లో మరణించిన ఈ అండలూసియా పండితుడు సూరా షూరా 49, 50 ఆయత్‌ల వ్యాఖ్యానంలో, ఆడ, మగ తప్ప మరొకరు లేరని వాదించేవారికి జవాబిచ్చాడు. అల్లాహ్ తాను కోరినది సృష్టిస్తాడన్న మొదటి మాటను వారు విస్మరించారన్నాడు. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు తమతోపాటు ఒక ఖున్సా చదువుకునేవాడనీ, చాలాకాలం కలిసి ఉన్నా సిగ్గు వలన అతని స్థితిని గురించి అడగలేకపోయాననీ కూడా వ్రాశాడు. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఆ తరగతిలో ఖున్సా తోటి విద్యార్థి.

ముఖన్నస్‌ల విషయం కొంత వేరు. స్త్రీల పట్ల కోరిక లేనివారని భావించి దైవప్రవక్త (స) ఇంటిలోనికి కూడా వారిని రానిచ్చేవారు. వారిలో ఒకడు తాయిఫ్‌కు చెందిన ఒక స్త్రీ శరీరాన్ని వర్ణించగా విని, ఇకపై అతనిని స్త్రీల వద్దకు రానివ్వవద్దని ఆదేశించారు. ఇమామ్ నవవీ (రహ్మలై) 'సహీహ్ ముస్లిం' వ్యాఖ్యానంలో ముఖన్నస్‌లను రెండు విధాలుగా చెప్పారు. పుట్టుకతో అట్టి స్వభావం గలవానిపై నింద లేదు, పాపం లేదు. కావాలని స్త్రీలను అనుకరించేవాడు మాత్రమే నిందార్హుడు. మన వీధులలో మొదటివానినే ఎక్కువగా రాళ్లతో, మాటలతో కొడుతున్నారు.

నేటి 'ట్రాన్స్‌జెండర్' పదానికి ఫిఖ్హ్‌లో సరిగా సరిపోయే మాట లేదు. శరీరం స్పష్టంగా ఉండి, మనస్సు తనను వేరుగా ఎరిగినవారిని ఆ పేరుతో పిలుస్తారు. 2019లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఇంటర్‌సెక్స్ వారిని, హిజ్రాలను కూడా అదే పేరు కింద చేర్చింది. కనుక పత్రికలో ఆ మాట చదివినప్పుడు ఎవరిని గురించి చెబుతున్నారో చూసుకోవాలి. చికిత్స విషయంలో ఈ తేడా ముఖ్యం. మక్కాలోని ఫిఖ్హ్ మండలి 1989లో, స్పష్టమైన శరీరం గలవారు లింగమార్పిడి చేయించుకోరాదనీ, రెండు లక్షణాలూ గలవారు ప్రబలంగా ఉన్న లక్షణాన్ని బట్టి చికిత్స పొందవచ్చనీ తీర్మానించింది. షియాలలో ఇరాన్ ఇమామ్ ఖుమైనీ అభిప్రాయం దీనికి భిన్నం. మేము మండలి తీర్మానాన్నే అనుసరిస్తాము. అయితే, ఆ తీర్మానాన్ని చూపి సంతానాన్ని ఇంటి నుండి వెళ్లగొట్టే తండ్రికి అందులో ఏ ఆధారమూ లేదు.

నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అనగా 1919లో, హైదరాబాదులో వీరి పేర్లను రిజిస్టరులో ఎక్కించే చట్టం వచ్చింది. స్త్రీల దుస్తులతో బహిరంగంగా కనిపిస్తే వారెంటు లేకుండానే పట్టుకోవచ్చునని అందులో ఉంది. శతాబ్దం దాటిన తరువాత, 2023లో, తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసింది. 2019 చట్టం మరో అడుగు వేసింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను కోర్టు ఆదేశం లేకుండా తల్లిదండ్రుల నుండి వేరు చేయరాదన్నది. ఇంటి నుండి బలవంతంగా వెళ్లగొట్టేవారికి జైలుశిక్ష విధించింది.

ఇక తల్లిదండ్రులకు ఒక ముఖ్య విషయం. పసిబిడ్డ జననాంగం స్పష్టంగా లేకుంటే సిగ్గుతో దాచకండి. ఆ రోజే పిల్లల వైద్యునికి చూపండి. అడ్రినల్ గ్రంథుల లోపం వలన కొందరు ఆడశిశువుల జననాంగం మగశిశువుదిలా కనిపిస్తుంది. లోపల గర్భాశయం మామూలుగానే ఉంటుంది. ఈ లోపం గల శిశువులు అనేకులలో శరీరం ఉప్పును నిలుపుకోలేదు. పుట్టిన రెండు మూడు వారాలలోనే వాంతులతో ప్రాణాపాయం రావచ్చు. రోజువారీ మందులతో ఆ బిడ్డ బ్రతుకుతుంది, పెరుగుతుంది. ఈ జన్యులోపం తల్లి నుండీ తండ్రి నుండీ కలిసి వస్తుంది కనుక దగ్గరి బంధువుల వివాహాలలో ఎక్కువగా కనిపిస్తుంది. మేనరికాలు, చిన్నాన్న, పెద్దనాన్న పిల్లల సంబంధాలు అధికంగా ఉన్న మన కుటుంబాలు దీనిని గమనించాలి. ప్రాణాపాయం లేనప్పుడు శస్త్రచికిత్సకు తొందరపడవద్దు. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చిన పిమ్మట తమిళనాడు ప్రభుత్వం శిశువులకు అటువంటి శస్త్రచికిత్సలను నిషేధించింది. ఫిఖ్హ్ కూడా యుక్తవయస్సు వరకు వేచి ఉండమన్నదే.

పరీక్షల కాగితాలన్నీ భద్రపరచండి. నికాహ్ సమయంలోనూ, ఆస్తి పంపకంలోనూ ముఫ్తీ మొదట అడిగేది వాటినే.