ఒరోమోల ఐక్యతకు మతం అడ్డా?

హబషా అనగానే మనకు హజ్రత్ బిలాల్, ముహాజిర్లకు ఆశ్రయమిచ్చిన నజాషీ చక్రవర్తి గుర్తుకు వస్తారు. అయితే నేటి ఇథియోపియాలో అతి పెద్ద జాతి అయిన ఒరోమోలలో చాలామంది తమను హబషాలుగా చెప్పుకోరు. ఆ పేరు ఉత్తర పీఠభూమివాసులైన అమ్హారా, తిగ్రాయీలదని వారి భావన. 19వ శతాబ్ది చివర రెండవ మెనెలిక్ సైన్యాలు తమ భూములను ఆక్రమించిన చరిత్రను వారు మరువలేదు.

భూమి తరువాత దెబ్బ తిన్నది భాష. హైలే సెలాసీ పాలనలో బడిలో, కోర్టులో, కచేరీలో అమ్హారిక్‌దే రాజ్యం. ఆ కాలంలోనే షేక్ బక్రీ సపాలో అనే ఇస్లామీ పండితుడు 1956లో ఒరోమో భాషకు సొంత లిపిని సృష్టించారు. ప్రభుత్వం దానిని సాగనివ్వలేదు. ఆయన 1980లో సోమాలియాలోని శరణార్థి శిబిరంలో కన్నుమూశారు. అంతకు ముందే, బాల్యంలో బానిసగా అమ్ముడుపోయి విముక్తుడైన ఒనేసిమోస్ నెసిబ్ బైబిలును ఒరోమోలోకి అనువదించి 1899లో అచ్చు వేయించారు. ఒకరు ఆలిం, మరొకరు క్రైస్తవ ప్రచారకుడు. ఇద్దరూ కాపాడింది ఒకే భాషను.

అమెరికాలోని మిన్నెసోటాలో స్థిరపడిన వేలాది ఒరోమోల ముందున్న చిక్కు ఇక్కడే ఉంది. హరర్, బాలే, ఆర్సీ ప్రాంతాల వారిలో ముస్లిములు ఎక్కువ; వొల్లేగా వారిలో ప్రొటెస్టెంట్లు ఎక్కువ. పరాయి దేశంలో కొత్తగా దిగినవారిని ఆదుకునేది మసీదో చర్చో గనుక, ప్రాంతభేదం, మతభేదం ఒకే గీత మీద పడుతున్నాయి. అందుకే కొందరు పెద్దలు ‘మతం మాట ఎత్తకండి, ఒరోమోలం అంతే’ అంటారు. సదుద్దేశమే కావచ్చు. కానీ ఇలాంటి సలహా ఆచరణలో ఎవరి నోరు ముందుగా మూయిస్తుందో మైనారిటీలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు. 2013లో జవార్ మొహమ్మద్ ఒక టీవీ చర్చలో తాను మొదట ఒరోమోనని చెప్పినప్పుడు ప్రవాసులంతా ఆయన వెంట నిలిచారు. ప్రత్యర్థులు మాత్రం ఆయన మతాన్ని తవ్వి తీశారు. ఆయన తల్లి ఆర్థోడాక్స్ క్రైస్తవురాలన్న సంగతి వారికి అక్కరకు రాలేదు.

2018లో ఒరోమో తండ్రికి పుట్టిన అబియ్ అహ్మద్ ప్రధాని అయ్యారు, బహిష్కృత నాయకులు స్వదేశం చేరారు. అయినా ఒరోమియాలో తుపాకులు ఆగలేదు. 2020లో గాయకుడు హచాలు హుండెస్సా హత్యకు గురయ్యాడు. అంటే శత్రువు ఎవరో తేల్చుకోవడంతోనే ఐక్యత కుదరదు. మా దృష్టిలో ప్రవాసులు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది: తమ పిల్లలకు భాష నేర్పే తరగతుల్లో మసీదు పిల్లలకు ఒనేసిమోస్‌ను, చర్చి పిల్లలకు షేక్ బక్రీని పరిచయం చేయడం. దానికి ఏ పార్టీ అనుమతీ అవసరం లేదు.