జాతకర్మయందలి మధుప్రాశనము: ఒక పునర్విచారము

తేనెను అమృతతుల్యమని కీర్తించుటయందు మనకుగల ఉత్సాహము, దానిని గూర్చి శాస్త్రములు చేసిన హెచ్చరికలను బోధించుటయందు కానరాదు.

చరకసంహిత సూత్రస్థానము 27వ అధ్యాయమున, వేడిచేసిన తేనెయు, తాపార్తుడు సేవించిన తేనెయు ప్రాణహానికరములని చెప్పబడినది. విషసంబంధమే అందులకు హేతువు. మితముగ సేవించిన తేనెయే హితమనియు, మధ్వామమును మించిన కష్టతరవ్యాధి లేదనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. నేయి, తేనె సమపాళ్లలో కలుపుట విరుద్ధాహారము. అయినను వమనమునందు ఉష్ణమధువు దోషము కాదు. అది జీర్ణము కాకయే వెలువడును గదా. నిషేధమునకు హేతువును, హేతువు లేనిచోట అపవాదమును చెప్పుట మన వైద్యాచార్యుల పద్ధతి.

ఈ వచనములలో నేటి పరీక్షకు నిలుచునవి కొన్ని, నిలువనివి కొన్ని. క్రీ.పూ. 401లో నల్లసముద్రతీరమున ట్రపెజస్ సమీపమున గ్రీకుసైనికులు తేనె తిని, మతిచలించి నేలగూలిరని, మరికొన్నిదినములకు తేరుకొనిరని జెనొఫన్ వ్రాసెను. రోడోడెండ్రాన్ పుష్పములలోని గ్రయనోటాక్సిన్ అను విషమే కారణమని నేటి విజ్ఞానము చెప్పుచున్నది. కావున విషసంబంధము వట్టి ఊహ కాదు. కాని వేడిచేసిన తేనె ప్రాణాంతకమనుటకు అట్టి నిదర్శనము లేదు. వేడివలన హెచ్.ఎమ్.ఎఫ్. అను పదార్థము పెరుగును. తేనె నాణ్యత తగ్గును. అంతవరకే చెప్పుట న్యాయము.

అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. ఆశ్వలాయనగృహ్యసూత్రము, చరకసంహిత శారీరస్థానము నవజాతశిశువునకు మధుఘృతప్రాశనమును విధించినవి. తేనెలో క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అను సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. ఏడాది నిండని శిశువు ప్రేగులలో అవి మొలకెత్తి విషమును పుట్టించును. మలబద్ధము, క్షీణరోదనము, పాలు త్రాగలేమి, అవయవశైథిల్యము దాని లక్షణములు. శ్వాస నిలిచిపోవుటయు కలదు. ఈ శిశువ్యాధి 1976లో కాలిఫోర్నియాలో గుర్తింపబడినది. నీరు మరుగు వేడికి ఆ బీజములు నశింపవు. కావున కాచి యిచ్చినను రక్షణ లేదు.

విధిని ఎట్లు విడుతుమని కొందరు శంకింతురు. మధుపర్కమునందలి పశువధను ధర్మశాస్త్రకారులు కలివర్జ్యములలో చేర్చిరి. మధుపర్కము మాత్రము నిలిచినది. ఆ న్యాయము ఇచటను చెల్లును. మంత్రము నిలువవచ్చును, శిశువు నాలుకపై తేనె మాత్రము, చుక్కయైనను, ఏడాది నిండువరకు వలదు.

గృహ్యసూత్రములను బోధించు మనము ఈ మాటను పాఠముతోపాటే చెప్పవలెను. మన విద్యార్థులలో పలువురు రేపటి పురోహితులు. ప్రసవమైన యింట వారి మాటకు విలువ కలదు.